సెకనుకు పది చప్పుళ్ళు

నేను ఒక టెలిఫోన్‌ను. మీరు జేబులో వేసుకుని తిరిగే రకాన్ని కాను. నల్లగా, రెండున్నర కిలోల బరువుతో, బల్ల మీద ఒకచోట కుదురుగా కూర్చునే రకాన్ని. నా ముఖాన ఒక చక్రం, ఆ చక్రానికి పది కన్నాలు ఉంటాయి. కన్నంలో వేలు పెట్టి తిప్పి వదిలితే చక్రం తనంతట తాను వెనక్కి వస్తుంది. వస్తూ వస్తూ చిన్నగా టకటకమంటుంది. ఆ టకటకలే నంబరు. మూడు తిప్పితే మూడు, తొమ్మిది తిప్పితే తొమ్మిది, సున్నా తిప్పితే పది. ఆ చప్పుళ్ళు తీగ వెంట ఎక్స్ఛేంజీకి పోతే అక్కడి పెద్ద యంత్రాలు వాటిని లెక్కపెట్టుకుని, ఎవరింట్లో గంట మోగించాలో వారింట్లో మోగిస్తాయి.

లెక్క తప్పకూడదంటే ఆ చప్పుళ్ళు సెకనుకు పది చొప్పున రావాలి. మరీ గబగబా వచ్చినా, మరీ నింపాదిగా వచ్చినా ఎక్స్ఛేంజీ పొరబడుతుంది. మీరు డాక్టరు గారికి చేస్తే బియ్యం దుకాణం వాడు పలుకుతాడు. ఆ పదిని నాలో నిలబెట్టిన మనిషి పేరు సువార్తమ్మ. నా కథ చెప్పుకోవాలంటే సగానికి పైగా ఆమె కథే చెప్పాలి.

నేను పుట్టింది హైదరాబాదు అంచున, రైలు పట్టాలకు అవతల ఉన్న ఒక కర్మాగారంలో. దాని పేరు నా అడుగున రేకు మీద అచ్చు గుద్ది ఉండేది. తుడిచి తుడిచి అక్షరాలు పోయాయి. 1972 అన్న అంకెలు మాత్రం మిగిలాయి.

మనుషులు తాము మట్టిలోంచి వచ్చామని చెప్పుకుంటారు. నేను పొడిలోంచి వచ్చాను. బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్ చేసే నల్లటి పొడిని తూచి, ఉక్కు అచ్చులో పోసి, కాగే ప్రెస్సు కింద పెట్టి నొక్కితే కొన్ని నిమిషాల్లో నా ఒళ్ళు గట్టిపడి బయటికి వచ్చింది. ఆ షెడ్డులో ఘాటు వాసన. పని చేసేవాళ్ళు ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకునేవారు. అంచుల్లో మిగిలిన పొట్టును ఒకతను ఆకురాయితో గీకేశాడు. ఇంకొకతను గిర్రున తిరిగే గుడ్డచక్రానికి నన్ను ఆనించి అద్దంలా మెరిపించాడు. ఆ మెరుపులో తన ముఖం చూసుకుని మీసం సవరించుకున్నాడు. నన్ను చూసినవాళ్ళు ముందు తమనే చూసుకుంటారని ఆ రోజే తెలిసింది నాకు.

అక్కడినుంచి పొడవాటి బల్లల గదికి వచ్చాను. అటూ ఇటూ నలభై మంది ఆడవాళ్ళు. ఒకామె రెండు గంట గిన్నెలు బిగించి, మధ్యన ఉన్న చిన్న సుత్తి రెంటికీ సమంగా తగులుతోందా లేదా అని మోగించి చూసింది. ఒకామె చేతిపిడిలో, మనుషులు మాట్లాడే వైపున, నల్లటి బొగ్గు రవ్వలను చెంచాతో కొలిచి పోసి మూత బిగించింది. మాట తగిలితే ఆ రవ్వలు ఒత్తుకుని కదులుతాయి. ఆ కదలికే తీగలో మాటై పోతుంది. ఇంకొకామె రంగురంగుల తీగలను వాటి వాటి స్క్రూల కిందికి చేర్చింది. చేతులు పని చేస్తుంటే నోళ్ళు కిరోసిన్ గురించీ, పిల్లల జ్వరాల గురించీ, అత్తగార్ల గురించీ మాట్లాడుతూనే ఉన్నాయి. నేను ఇంకా ఎవరి మాటా మోయకముందే ఎన్నో మాటలు విన్నాను.

అంతా అయ్యాక నా ముఖం మాత్రం బోసిగా ఉంది. డయల్ రావాలి. డయల్ అంటే ఒక చిన్న గడియారం లాంటిది. లోపల చుట్టిన స్ప్రింగు, పళ్ళచక్రాలు, వాటి చివర ఒక బుల్లి గవర్నరు. గవర్నరుకు రెండు చిన్న రెక్కలు ఉంటాయి. చక్రం వేగం పుంజుకుంటే ఆ రెక్కలు విచ్చుకుని చుట్టూ ఉన్న గిన్నెకు రాసుకుని వేగాన్ని పట్టి ఉంచుతాయి. ఆ రెక్కలను పట్టకారుతో వెంట్రుకవాసి ఇటో అటో వంచి వేగం కుదర్చడమే అడ్జస్టరు పని. కర్మాగారంలో అన్నిటికన్నా ఎక్కువ నైపుణ్యం కావలసిన పని అదే. అక్కడ పదకొండు మంది మగవాళ్ళు కూర్చునేవారు. పన్నెండో కుర్చీ సువార్తమ్మది.

ఆమె మెదక్ వైపు మనిషి. ముప్పయ్యొక్కేళ్ళు. భర్త బస్సు డిపోలో మెకానిక్కు, ఇద్దరు ఆడపిల్లలు. అందరిలాగే తీగలు బిగించే బల్ల దగ్గర చేరి, ఏడేళ్ళు అక్కడ పనిచేసి, రెండేళ్ళ క్రితం అడ్జస్టరు పరీక్ష నెగ్గింది. ఆ గ్రేడు అందుకున్న మొదటి ఆడమనిషి. ఆమె వెనక ఇంకా ఆరుగురు ఆడవాళ్ళు అదే పరీక్షకు తయారవుతున్నారు. సువార్తమ్మ ఎలా నెగ్గుకొస్తుందో చూసి వాళ్ళ సంగతి తేలుస్తామని పైవాళ్ళు అన్నారు.

ఆమెకు పని నేర్పింది ఖాదర్ సాబ్. తెల్లగడ్డం, మందపు కళ్ళద్దాలు. డయల్‌ను చెవి దగ్గర పెట్టుకుని వినడం ఆయన పద్ధతి. సువార్తమ్మకు ఆ పద్ధతి వెంటనే పట్టుబడింది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఎన్నిసార్లు ఎత్తుకున్నా అదే శ్రుతి, అదే నడక. హార్మోనియం ఆయన ఆమె గొంతు పట్టుకుని మెట్లు వెతుక్కునేవాడు.

నా డయల్‌ను ఆమె కుడిచెవి దగ్గర పెట్టుకుని సున్నా తిప్పి వదిలింది. విన్నది. రెక్కను కాస్త లోపలికి వంచింది. మళ్ళీ తిప్పింది. మూడోసారి విని తల ఊపి, నా ముఖాన బిగించి నాలుగు స్క్రూలూ వేసింది. అప్పుడు నేను పూర్తయ్యాను. మనుషులు పుట్టాక ఏడుస్తారు. నేను టకటకమన్నాను, సెకనుకు సరిగ్గా పది.

అయితే ఆ మాట ఒప్పుకోవలసిన మెషీన్ ఒకటి అప్పటికే తనిఖీ గదిలోకి వచ్చి కూర్చుంది.

దాన్ని తెప్పించింది తనిఖీ ఆఫీసరు రంగనాయకులు. బందరు వైపు నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. మనిషి చెడ్డవాడు కాదు. చెవితో వేగం కొలవడం మాత్రం ఆయనకు నాటు వైద్యంలా కనిపించింది. మెషీన్‌లో ఒక చక్రం గోడ కరెంటుతో ఒకే వేగాన తిరుగుతూ ఉంటుంది. దాని అంచున తెల్లగీతలు. డయల్ టకటకమన్నప్పుడల్లా ఒక దీపం మెరుస్తుంది. ఆ మెరుపులో గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తే డయల్ సరైనది. వెనక్కి జరిగినట్టుంటే డయల్ వేగం ఎక్కువ, ముందుకు జరిగినట్టుంటే తక్కువ. చూస్తే ముచ్చటగానే ఉండేది. మొదటి వారం అందరూ వరసకట్టి చూశారు.

ఏప్రిల్ నెల సగానికి వచ్చేసరికి డయళ్ళు తిరిగి రావడం మొదలైంది. అన్నిటి మీదా ఒకటే రాత, వేగం ఎక్కువని. మగ అడ్జస్టర్లు కాసేపు గొణుక్కుని, మెషీన్ అడిగినట్టు కొంచెం నెమ్మది చేసి పంపారు. అవి పాసయ్యాయి. సువార్తమ్మ మాత్రం తిరిగొచ్చిన డయల్‌ను చెవి దగ్గర పెట్టుకుని వినేది. సరిగ్గానే ఉందనిపించి, ముట్టుకోకుండా తిరిగి పంపేది. ఆ తిరిగొచ్చినవాటిలో నేనూ ఉన్నాను. రెండుసార్లు ఫెయిలయ్యాను. రెండుసార్లూ ఆమె నన్ను విని, ఏమీ చేయకుండా అలాగే పంపింది.

ఆమెకు రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే గ్రేడు పోతుంది, ప్యాకింగుకు పంపేస్తారు.

ఒకరోజు భోజనాల వేళ ఖాదర్ సాబ్ ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆఫీసరు అడిగినట్టు రవ్వంత నెమ్మది చేసి పంపమనీ, మగవాళ్ళంతా అదే చేస్తున్నారనీ, మొండితనం వల్ల ఒరిగేదేమీ లేదనీ మెల్లగా చెప్పాడు. సువార్తమ్మ టిఫిన్ గిన్నె మూత పెట్టింది.

“నెమ్మది చేస్తే ఈడ పాసైతది సాబ్. ఆడ ఎక్స్ఛేంజీల తప్పైతది. కొత్తగున్నప్పుడు ఎట్లనో నడుస్తది. ఏడాదికి స్ప్రింగు జర వదులైనంక ఎవలికో ఫోన్ చేస్తే ఇంకెవలికో పోతది. పానం మీదికొచ్చి డాక్టరుకు చేసేటోళ్ళుంటరు. మీరే గద నాకు చెప్పింది.”

ఖాదర్ సాబ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తను నేర్పిన మాటే తన ముందుకొచ్చి నిలబడితే ఏ గురువుకైనా కష్టమే.

అంతకన్నా కష్టమైన మాట లింగమణి అన్నది. పరీక్షకు తయారవుతున్న ఆరుగురిలో ఆమె చిన్నది, ఇరవై రెండేళ్ళది. చేతులు కడుక్కునే కుళాయి దగ్గర సువార్తమ్మను ఆపి, కళ్ళు దించుకునే అడిగింది.

“అక్కా, నువ్వు తప్పు చేస్తున్నవని నేననను. గని నువ్వు ప్యాకింగుకు పోతే మా ఆర్గురి పరీక్ష ఉంటదా? ఆడోళ్ళతోని ఈ పని కాదంటరు.”

ఆ మధ్యాహ్నం సువార్తమ్మ పట్టకారు పక్కన పెట్టింది. చెవి మీద ఆమెకు అనుమానం లేదు. ఆరుగురి బతుకు తన చెవికి వేలాడుతోందన్నదే ఆమె బాధ. తప్పు తనది కాకపోతే మరి ఎవరిది, ఎక్కడుంది అని తేల్చకుండా ఊరికే పట్టుబట్టి కూర్చుంటే లాభం లేదని ఆమెకు ఆ రోజు అర్థమైంది.

తను చేసిన డయళ్ళ పరీక్ష చీటీలన్నీ, పాసైనవీ ఫెయిలైనవీ, ముందేసుకుని కూర్చుంది. ప్రతి చీటీ మీదా పరీక్ష చేసిన వేళ రాసి ఉంది. పొద్దున పరీక్షించినవన్నీ పాస్. ఫెయిలైనవన్నీ భోజనాల తరువాతవి. తన చేయి మధ్యాహ్నం మారిపోతుందా అనుకుంది. కానీ పొద్దున చేసి మధ్యాహ్నం పరీక్షకు పోయిన డయళ్ళు కూడా ఫెయిలయ్యాయి. నా సంగతే అంత. నన్ను చేసింది పొద్దున ఎనిమిదింటికి.

మరునాడు రెండు గంటలకు డయళ్ళ ట్రే ఇవ్వడానికి ఆమే తనిఖీ గదికి వచ్చింది. గుమ్మంలో ఆగింది. మెషీన్ మామూలుగానే గుయ్యిమంటోంది. సువార్తమ్మ తల ఒక పక్కకు వంచి విన్నది. ట్రే దించి వెనక్కి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే ఏదో వంకతో మళ్ళీ వచ్చి విన్నది. మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. నేను ఆ గదిలోనే, ఫెయిలైన వస్తువుల అరలో కూర్చుని ఆమె ముఖం చూస్తున్నాను. మూడో రోజు ఆమె ముఖంలో కంగారు లేదు. నేరుగా రంగనాయకులు బల్ల దగ్గరికి వచ్చింది.

“సార్, మెషీన్ గొంతు పగటేళ దిగిపోతున్నది.”

రంగనాయకులు పెన్ను మూత పెట్టి ఆమె వైపు చూశాడు. మెషీన్‌కు గొంతేమిటని అడిగాడు. పొద్దున అది గుయ్యిమనే శ్రుతి ఒకటనీ, భోజనాల తరువాత అర మెట్టు కిందికి దిగుతోందనీ, శ్రుతి దిగిందంటే దాని చక్రం నెమ్మదించినట్టేననీ ఆమె చెప్పింది. కొలిచే చక్రమే నెమ్మదిస్తే సరైన డయల్ దానికి వేగంగానే కనిపిస్తుంది కదా అన్నది. ఆయన నవ్వాడు. వెటకారంగా కాదు, చిన్నపిల్ల మాట విన్నట్టు. ఆ చక్రం వేగం మారదనీ, దాని గొప్పతనమే అదనీ వివరించాడు.

ఆమె ఒక పందెం లాంటి మాట అన్నది. ఆయనే ఐదు డయళ్ళు ఎంచుకోవాలి. పొద్దున పరీక్షించి, లక్క ముద్ర వేసి, బీరువాలో పెట్టుకోవాలి. ఎవరూ ముట్టుకోకూడదు. మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ పరీక్షించాలి.

“మళ్ళీ పాసైతే ఏం చేద్దామమ్మా?” అన్నాడు రంగనాయకులు.

“మూడో మెమో ఇయ్యండి. సంతకం చేస్త.”

ఆ ఐదింటిలో ఒకటిగా ఆయన నన్ను ఎంచుకున్నాడు, రెండుసార్లు ఫెయిలైన దాన్ననే. పొద్దున ఎనిమిదిన్నరకు మెషీన్ ముందు నన్ను తిప్పాడు. గీతలు నిలబడ్డాయి. ఆయన కనుబొమలు కొంచెం లేచాయి. లక్క ముద్ర వేసి బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు మే నెల ఎండలో ఎవరూ అనుకోని విచిత్రం జరిగింది. రెండింటికి పడమట మబ్బు పట్టింది. రెండున్నరకు వడగళ్ళ వాన కురిసింది. షెడ్డు రేకుల మీద రాళ్ళు పడ్డ మోత. మూడింటికి వాన వెలిసింది, గాలి చల్లబడింది. అందరూ తనిఖీ గది గుమ్మంలో గుమికూడారు. బీరువా తెరుస్తుంటే సువార్తమ్మ మెషీన్‌ను విని గట్టిగానే చెప్పింది.

“సార్, ఇయ్యాల గొంతు దిగలేదు. ఇయ్యాల ఐదుకైదు పాసైతయి.”

ఐదుకు ఐదూ పాసయ్యాయి. గుమ్మంలో ఎవరో నిట్టూర్చారు. లింగమణి అక్కడినుంచి వెళ్ళిపోయింది. ఓడిపోయే ముందు ఓటమిని ముందుగానే చెప్పుకోవడం తెలివైన పని అని ఎవరో అడ్జస్టరు అన్నాడు కూడా. రంగనాయకులు మెమో కాగితం తీశాడు. పెన్ను తెరిచాడు. తేదీ రాశాడు. అక్కడ ఆగాడు.

ఆయన ఆగడం నేను చూశాను. నాకు కళ్ళు లేవు, మాట వరసకు అంటున్నాను. మనుషుల గొంతు కన్నా వాళ్ళ ఊపిరి నాకు బాగా తెలుస్తుంది. ఆ ఊపిరిలో ఏదో తట్టుకుంది. తన పక్షాన చెప్పుకోవలసిన వేళ ఈమె తనకు వ్యతిరేకంగా ఎందుకు చెప్పింది? పైగా ఆయన పరీక్షించకముందే.

కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. ఇంకా నాలుగు రోజులు చూద్దామన్నాడు. అయితే ఈసారి పద్ధతి తనదేనన్నాడు. గదిలో చెక్క తడక ఒకటి ఉంది. సువార్తమ్మ దాని అవతల, మెషీన్ కనపడకుండా నిలబడాలి. తను రోజులో ఎప్పుడంటే అప్పుడు పిలుస్తాడు. ముద్ర వేసిన డయల్ పాసవుతుందో ఫెయిలవుతుందో ఆమె ముందుగా చెప్పాలి. ఆ తరువాతే తను చక్రం తిప్పుతాడు.

నాలుగు రోజుల్లో ఇరవై మూడుసార్లు పిలిచాడు. వరసగా తిరిగింది నేనే. ఆమెను ఏమార్చాలని ఒకసారి పొద్దున్నే మూడుసార్లు పిలిచాడు. ఒకసారి మధ్యాహ్నమంతా పిలవకుండా సాయంత్రం గంట కొట్టేముందు పిలిచాడు. తడక అవతల నుంచి ఆమె గొంతు ఒక్కొక్క మాటే వచ్చేది. పాస్. పాస్. ఫెయిల్. పొద్దున పదింటికి ఒకసారి అందరూ పాస్ అనుకుంటున్న వేళ ఫెయిల్ అన్నది. గీతలు వెనక్కి జారాయి. ఇరవై రెండుసార్లు ఆమె చెప్పిందే జరిగింది.

ఇరవై మూడోసారి ఆమె పాస్ అనలేదు, ఫెయిల్ అనలేదు. రంగనాయకులు ఏమంటావమ్మా అని అడిగాడు.

“తెలుస్తలేదు సార్. దిగుతున్నది గని మొత్తం దిగలేదు. మధ్యల ఉన్నది.”

ఆయన నన్ను తిప్పాడు. గీతలు నిలబడీ నిలబడక, జారీ జారక అక్కడే ఊగిసలాడాయి. పాస్ అని రాయడానికీ వీల్లేదు, ఫెయిల్ అని రాయడానికీ వీల్లేదు. ఆయన స్టూలు మీంచి లేచి బయటికి నడిచాడు.

ఎక్కడికి వెళ్ళాడో తరువాత ఆయనే అందరికీ చెప్పాడు. కర్మాగారానికి కరెంటు వచ్చి చేరే గదికి వెళ్ళాడు. అక్కడ గోడ బోర్డు మీద ఒక చిన్న మీటరు ఉంది. దానిలో సన్నటి ఉక్కు పుల్లల వరస. కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకె దగ్గరి పుల్ల వణుకుతుంది. యాభై దగ్గర వణకాలి. నలభై ఎనిమిది దగ్గర వణుకుతోంది. ఎండాకాలం మధ్యాహ్నం ఊరంతా ఫ్యాన్లూ పంపులూ మోటార్లూ ఒక్కసారే లాగుతుంటే కరెంటు నడక మందగిస్తోంది. దానితోపాటు మెషీన్ చక్రమూ మందగిస్తోంది, దాని గుయ్యి కూడా దిగుతోంది. వడగళ్ళ వాన కురిసిన రోజు ఊళ్ళో ఫ్యాన్లు ఆగాయి, చక్రం కుదుటపడింది. రంగనాయకులు రోజూ సైకిలు పెట్టడానికి ఆ గది ముందునుంచే పోయేవాడు. తలుపు తీసి చూడవలసిన అవసరం రాలేదు.

తిరిగొచ్చేసరికి అడ్జస్టర్లంతా తడక దగ్గరే ఉన్నారు. ఆయన చొక్కా చెమటకు తడిసి నలిగింది. మొదటిసారి ఆమెను మీరు అన్నాడు.

“సువార్తమ్మ గారూ, మీ చెవి సరిగ్గా ఉంది. తప్పు నా మెషీన్‌ది. అసలు తప్పు నాదే లెండి, మీరు చెప్పిన రోజే వెళ్ళి చూడాల్సింది.”

సువార్తమ్మ పమిట సర్దుకుని, “అయితే నెమ్మది చేసిన డయళ్ళ సంగతేంది సార్?” అన్నది.

గెలిచినవాళ్ళు ముందుగా ఏం మాట్లాడతారో చాలాసార్లు విన్నాను ఆ తరువాత. ఇలాంటి మాట మళ్ళీ వినలేదు.

మెషీన్‌ను నమ్మి నెమ్మది చేసిన డయళ్ళు నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. పెట్టెల్లో సర్దుకుని బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాయి. వాటన్నిటినీ విప్పి సరిచేయడానికి పది రోజులు గడువు. పదకొండు మంది మగవాళ్ళు తమ రోజువారీ పని వదిలే వీలు లేదు. ఆ ఆరుగురు ఆడవాళ్ళను తన కింద ఇమ్మని సువార్తమ్మ అడిగింది. పరీక్ష నెగ్గనివాళ్ళకు ఆ పని ఇవ్వడం పద్ధతి కాదని రంగనాయకులు సందేహించాడు. ఇదే పరీక్ష అనుకోండి అన్నది ఆమె. ఆయన సరేనన్నాడు. వాళ్ళు సరిచేసిన ప్రతి డయల్‌నూ తనే స్వయంగా, పొద్దున్నే, మీటరు చూసుకుని మరీ పరీక్షించాడు. తొమ్మిదో రోజు సాయంత్రానికి పని పూర్తయింది. లింగమణి చేతిలో మొదటి రోజు పదిలో నాలుగు తప్పాయి. చివరి రోజు ఒక్కటీ తప్పలేదు. జూన్ నెలలో ఆరుగురికీ గ్రేడు వచ్చింది. కాగితం అందుకున్న రోజు లింగమణి సువార్తమ్మ కుర్చీ వెనక చాలాసేపు నిలబడింది. సువార్తమ్మ వెనక్కి తిరక్కుండానే తన పక్క స్టూలు చేత్తో ఇటు లాగి, కూర్చోమన్నది.

మెషీన్‌కు గోడ కరెంటుతో సంబంధం లేకుండా, ఉక్కు శ్రుతిదండంతో నడిచే కొత్త చక్రం వచ్చింది. రంగనాయకులు పైకి పంపిన నివేదికలో ఈ లోపాన్ని తనిఖీ శాఖ కనిపెట్టిందని టైపు చేయించాడు. ఒక రోజంతా ఆ కాగితం బల్ల మీద పెట్టుకుని చూశాడు. మర్నాడు చింపేసి, అడ్జస్టర్ శ్రీమతి సువార్తమ్మ కనిపెట్టిందని మళ్ళీ టైపు చేయించాడు. మనుషుల్లో నాకు నచ్చేది ఇదే. మొదటి కాగితం కాదు, రెండోది.

నన్ను మాత్రం ఎవరికీ అమ్మలేదు. లక్క ముద్ర పడ్డదాన్ని ప్యాకింగుకు పంపడానికి కాగితాలు కుదరలేదట. తనిఖీ గది బల్ల మీదే తీగ తగిలించి పనిలో పెట్టారు. పదిహేనేళ్ళు అక్కడే ఉన్నాను. నా గుండా క్యాంటీనుకు టీ ఆర్డర్లు పోయాయి, యూనియన్ బేరాలు సాగాయి, ఒక పురుడు కబురు వచ్చింది. మనుషులు నా దగ్గర అరవడం చూసి నవ్వొచ్చేది. దూరపు ఊరికి మాట్లాడాలంటే గొంతు పెంచితే చాలని వాళ్ళ నమ్మకం. వరంగల్‌కైతే ఒక మోస్తరు, మద్రాసుకైతే నరాలు తేలేటట్టు.

ఖాదర్ సాబ్ రిటైరయ్యాడు. రంగనాయకులు వేరే ఊరికి పెద్ద పదవికి వెళ్ళాడు. సువార్తమ్మ డయళ్ళ విభాగానికి పెద్ద అయింది. పన్నెండు కుర్చీలూ, తరువాత ఇరవై కుర్చీలూ ఆడవాళ్ళవయ్యాయి. 1987లో మీటలు నొక్కే ఫోన్లు వచ్చాయి. డయళ్ళ విభాగం మూసేస్తున్నామని నోటీసు అంటించారు. ఇష్టమైనవాళ్ళు కొత్త విభాగంలో పని నేర్చుకోవచ్చన్నారు. చాలామంది ఏడ్చారు. సువార్తమ్మ నా దగ్గరికి వచ్చి, ఇంటికి ఫోన్ చేసి, సాయంత్రం రావడం ఆలస్యమవుతుందని పెద్దకూతురికి చెప్పింది. టంకం పని క్లాసులో పేరు రాయించుకున్నానన్నది. నలభై ఆరేళ్ళ వయసులో ఇప్పుడిదెందుకమ్మా అని అవతల కూతురు అడిగింది.

“చేతులు బాగనే ఉన్నయి గద బిడ్డా,” అన్నది సువార్తమ్మ.

ఆ నెలాఖరుకే నా తీగ పీకేసి నన్ను పాత సామాన్ల వేలంలో పెట్టారు. తరువాత ఆమె సంగతి నాకు తెలియదు. టంకం కూడా బాగానే పెట్టి ఉంటుంది.

పాత సామాన్ల దుకాణంలో ఎన్నేళ్ళున్నానో లెక్క లేదు. అక్కడినుంచి ఒక హోటలు యజమాని నన్ను కొని, కౌంటరు పక్కన అలంకారానికి పెట్టాడు. పిల్లలు వచ్చి నా కన్నాల్లో వేళ్ళు పెట్టి నొక్కేవారు. తిప్పాలని ఎవరికీ తోచేది కాదు. పెద్దవాళ్ళు నా చేతిపిడి చెవికి ఆనించుకుని ఫొటోలు దిగేవారు. తీగ లేని ఫోన్‌లో అంత నవ్వుతూ ఎవరితో మాట్లాడుతున్నారో వాళ్ళకే తెలియాలి. హోటలు మూతపడ్డప్పుడు యజమాని నన్ను దగ్గరలో ఉన్న ఆడపిల్లల పాలిటెక్నిక్ కాలేజీకి ఇచ్చేశాడు.

అద్దాల బీరువాలో పెడతారనుకున్నాను. పెట్టలేదు. బల్ల మీద పెట్టి విప్పారు.

మొదటి ఏడాది పిల్లలు నన్ను ముక్కలు ముక్కలుగా విప్పి తిరిగి కలపలేకపోయారు. నాలుగు నెలలు అట్టపెట్టెలో విడివిడిగా పడి ఉన్నాను. రెండో ఏడాది స్ప్రింగు ఎగిరి ఒక పిల్ల బొటనవేలు కోసింది. మూడో ఏడాది అంతా కలిపి చప్పట్లు కొట్టుకున్నాక బల్ల మీద ఒక స్క్రూ మిగిలింది. అది ఎక్కడిదో తెలియక మళ్ళీ మొత్తం విప్పారు.

ఈ ఏడాది జరీనా, నవ్యశ్రీ అని ఇద్దరు పిల్లలు నన్ను పట్టుకున్నారు. మూడు వారాలు పట్టింది. పాత తీగలు మార్చారు, గడ్డకట్టిన బొగ్గు రవ్వలు తీసి కొత్తవి పోశారు. నాకు బ్యాటరీ తగిలించి, అలాంటిదే ఇంకొక పాత ఫోన్‌ను పక్కగదిలో పెట్టి, మధ్యన తీగ లాగారు. జరీనా నా దగ్గర కూర్చుంది. నవ్యశ్రీ పక్కగదికి పరుగెత్తింది. నా చేతిపిడి పైకి లేచింది. ముప్పయ్యేళ్ళకు పైగా నాలో ఏ మాటా కదల్లేదు.

“హలో,” అన్నది జరీనా మెల్లగా. పక్కగదే కదా అని కాబోలు, అరవలేదు.

కొంచెంసేపు గరగర. తరువాత నవ్యశ్రీ గొంతు, సన్నగా, స్పష్టంగా వచ్చింది.

“వినొస్తుంది. మంచిగ వినొస్తుంది. పెట్టెయ్యకు, ఇంకేమన్న మాట్లాడు.”

జరీనా నా చక్రం మీద వేలు ఆనించింది. తరువాత తను పొద్దున బస్సు ఎక్కిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఆ రోజు జరిగినదంతా వరసగా చెప్పడం మొదలుపెట్టింది.